నూట పది కుర్చీల పాట

న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ నుంచి ఉత్తరంగా అరగంట దాటిన ప్రయాణంలో సారటోగా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. వేసవి గుర్రప్పందాలు, నేలలోంచి ఉబికే ఖనిజజలాల ఊటలు, స్కిడ్‌మోర్ కాలేజీ ఆ ఊరికి పేరు తెచ్చాయి. అక్కడ ఫైలా వీధిలో, మేడమీద, కఫే లీనా ఉంది. 1960లో లీనా స్పెన్సర్, ఆమె భర్త బిల్ కలిసి తెరిచారు. కొన్నేళ్ళు నడిపి నాలుగు డబ్బులు వెనకేసుకుని యూరప్ వెళ్ళిపోదామన్నది వాళ్ళ ఆలోచన. డబ్బు మిగల్లేదు, యూరప్ ప్రయాణం సాగలేదు. కొద్దికాలానికే భర్త ఆమెను విడిచి వెళ్ళిపోయాడు. లీనా మాత్రం 1989లో చనిపోయేదాకా ఆ మేడమీదే పాటగాళ్ళని పిలిచి పాడించింది, వాళ్ళకి అన్నం పెట్టింది, రాత్రి ఉండిపోయేవాళ్ళకి తన ఇంట్లోనే పక్క వేసింది. అమెరికాలో ఆగకుండా నడుస్తున్న జానపద సంగీత కాఫీహౌసుల్లో ఇదే అన్నిటికన్నా పాతదని చెబుతారు.

శ్యామల నా భార్య. వీలు దొరికితే చాలు, కఫే లీనాకి పరుగెడుతుంది. ఆమె బాబాయి తెనాలిలో దశాబ్దాలపాటు మైకుసెట్టు నడిపిన మనిషి. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, నాటకాలు, ఎన్నికల సభలు, అన్నిటికీ ఆయన ఆంప్లిఫైయర్లే. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దర్నీ కఫే లీనాలో ఒక గిటారు కచేరీకి తీసుకెళ్ళాను. తిరుగుదారిలో కారులో మొదలైన వాదం ఇంటికొచ్చి పెరుగన్నం దాకా సాగింది. ఆ వాదాన్నే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం కూడా అక్కడక్కడా చొరబడుతుంది, ఎందుకంటే ఈ విషయం నాకూ ముఖ్యమే.

బాబాయి: అమ్మాయ్, ఉన్నమాట చెప్తా. ఆ పిల్ల బాగా పాడింది. వేళ్ళు తీగల మీద పరిగెడుతుంటే చూడ్డానికే ముచ్చటేసింది. అంత పాటని వందమంది మధ్య పెట్టి తలుపు మూసేశారేంటి? కింద వీధిలో వెళ్ళేవాడికి పైన పాట ఉందని కూడా తెలీదు.

శ్యామల: వందమందే కాబట్టి అలా పాడింది బాబాయ్. ఆ గదిలో పట్టేది నూట పది కుర్చీలు. 2016లో బాగుచేయక ముందు ఎనభై అయిదే. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. రెండో పాటకి ముందు తీగలు సవరించుకుంది గుర్తుందా? లావు తీగని కాస్త దించి, గిటారు మెడమీద కేపో పట్టీ బిగించి, మళ్ళీ ఒకసారి మీటి, చెవి వంచి విని. అదంతా మనమూ విన్నాం. పాట ఎక్కడ పుడుతోందో కళ్ళముందు కనబడింది.

బాబాయి: ఆ సవరింపు విన్నా. ఇంకోటి కూడా విన్నా. ఎడమచేతి వేలు లావు తీగ మీద జారినప్పుడల్లా గీరుకున్న చప్పుడు. నా సెట్టు మీదైతే దాన్ని వినపడనిచ్చేవాణ్ణి కాదు. ట్రెబుల్ తగ్గించేసేవాణ్ణి.

శ్యామల: నేను అంతదూరం వెళ్ళేది ఆ చప్పుడు కోసమే. సన్నటి కంచు తీగ చుట్టిన తంతి మీద మనిషి వేలు రాసుకునే చప్పుడు అది. అమ్మమ్మ వీణ మీద గమకం లాగేటప్పుడు మెట్టుమీద తీగ చేసే సన్నటి రొద ఉండేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు ఆ రొద తెలుసు. రేడియోలో వీణ ఎంత విన్నా అది దొరకలేదు.

బాబాయి: వీణ అన్నావు కాబట్టి విను. వీణకి మైకు పెట్టడమంత కష్టం ఇంకోటి లేదు. కుండ దగ్గర పెడితే ఒక నాదం, మెట్ల దగ్గర పెడితే ఇంకో నాదం. కాస్త పెంచామా, హారన్ కూత పెడుతుంది. పెంచకపోతే నాలుగో వరసవాడు లేచి వెళ్ళిపోతాడు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డీబీ పడిపోతుంది. పది అడుగుల దగ్గర ఉన్న పాట నూటఅరవై అడుగులు వెళ్ళేసరికి ఇరవైనాలుగు డీబీ పోగొట్టుకుంటుంది. ఇంక మిగిలేదేముంది? పందిట్లో చంటిపిల్లాడు ఏడిస్తే పాట లేదు. అందుకు వచ్చింది మైకు.

శ్యామల: వీణ ఊరంతటికీ ఎందుకు వినపడాలి బాబాయ్? వీణ పుట్టిందే గది కోసం.

బాబాయి: రాజుగారి గది కోసం. అది మర్చిపోకు.

(ఇక్కడ నేను కారు వేగం తగ్గించాను. అప్పటిదాకా నాదం గురించి సాగిన మాట మనుషుల మీదికి మళ్ళింది. ఇద్దరిలో ఎవరూ తేలిగ్గా వదిలే రకం కాదు.)

శ్యామల: కఫే లీనా రాజుగారి గది కాదు. లీనా దగ్గర డబ్బు ఎప్పుడూ లేదు. ఆమె పోయాక స్నేహితులు కలిసి లాభాపేక్ష లేని సంస్థగా మార్చి నిలబెట్టారు. ఇవాళ్టికీ ఎంతోమంది జీతం తీసుకోకుండా వచ్చి పనిచేస్తారు. మనకి కాఫీ తెచ్చిచ్చిన పెద్దావిడ కూడా అలా వచ్చిన మనిషే.

బాబాయి: ఆవిడ మీద నాకు గౌరవమే. నేను అడిగేది వేరు. ఆ గదిలో ఎవరున్నారో చూశావా? చాలామంది నా వయసువాళ్ళు, నెరిసిన తలలు. చదువుకున్న మొహాలు. టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు. ఎండలో రోడ్డు వేసేవాడు ఉన్నాడా? గుర్రాల సాలలో పేడ ఎత్తేవాడు ఉన్నాడా? ఆ ఊరు గుర్రాల ఊరంటున్నారుగా అల్లుడుగారు. గది చిన్నదైతే లోపలికి ఎవరొస్తారో గుమ్మమే తేల్చేస్తుంది. బోర్డు రాసి పెట్టక్కర్లేదు.

శ్యామల: జానపద పాటల్లో ఆ మనుషుల కథలే ఉంటాయి బాబాయ్. ఇవాళ ఆ అమ్మాయి పాడిన మూడో పాట గనికూలీల మీదే.

బాబాయి: గనికూలీల మీద పాట వేరు, గనికూలీ వినడం వేరు. నీకో సంగతి చెప్తా. మా తాలూకాలో ఒక ఊళ్ళో నవమి పందిరి. ఊరు పేరెందుకులే. హరికథ పెట్టారు. పందిట్లో ఊరి పెద్దలు, వాళ్ళ ఆడవాళ్ళు. పల్లెవాళ్ళు పందిట్లోకి రారు. అప్పట్లో రానిచ్చేవాళ్ళు కాదు. ఎవరూ నోరు తెరిచి వద్దనరు, కానీ రారు. నాకు రెండు హారన్లు కట్టమన్నారు. ఒకటి పందిరి మీద కట్టా. రెండోది వేపచెట్టు చిటారుకొమ్మకి ఎక్కి పల్లెవైపు తిప్పి కట్టా. నన్నెవరూ అలా కట్టమనలేదు. హరిదాసు రాత్రి రెండింటిదాకా చెప్పాడు. తెల్లారి వైరు చుట్టుకుంటుంటే ఒక ముసలాయన వచ్చి, సీత అగ్నిలోంచి బయటికొచ్చాక ఏమైందో నిద్రపట్టేసింది నాయనా, చెప్పమని అడిగాడు. పల్లెలో మంచం మీద పడుకుని అక్కడిదాకా కథ విన్నాడు. ఇప్పుడు చెప్పు, నా హారన్‌లో హరిదాసు గొంతు గరగరలాడింది నిజమే, మృదంగం ఎడమ వైపు అసలు పలకలేదు, అదీ నిజమే. మరి ఆ ముసలాయనకి నీ కాఫీహౌసు ఏం చేసేది?

శ్యామల కాసేపు మాట్లాడలేదు. నేను కూడా దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయేవాణ్ణి. చిన్నగది సంగీతాన్ని మెచ్చుకునేవాళ్ళం అలవాటుగా దాటవేసే ప్రశ్న ఇది. అన్నమో, పాటో, ఏదైనా మనకి దగ్గరగా దొరికినప్పుడు అది ఇంకొకరికి ఎంత దూరమైందో మనకి తోచదు.

శ్యామల: మీరు చేసింది గొప్ప పని బాబాయ్. అయినా ఒకటి అడుగుతా. హారన్ అటు తిప్పారు. పాట పల్లెకి వెళ్ళింది. మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. వాళ్ళకి వినపడుతోంది కదా అని పందిట్లోవాళ్ళు ఇంకా హాయిగా కూర్చున్నారేమో. హారన్ లేకపోతే ఎప్పుడో ఒకనాడు ఎవరో పందిరి దగ్గరికి వచ్చి నిలబడేవారేమో.

బాబాయి: వస్తే కొట్టేవాళ్ళు.

శ్యామల: ...

బాబాయి: నువ్వన్నదాంట్లో నిజం లేదని కాదు. ఆ తప్పు నా హారన్‌ది కాదు. ఊరిది. ఆ పల్లెలో ఒక కుర్రాడు ఉండేవాడు. హారన్‌లో వచ్చిన పద్యాలే నేర్చుకుని ఆ తర్వాత నాటకాల్లో వేషం కట్టాడు. అప్పుడు అదే ఊళ్ళో, స్టేజీ మీద, నేనే మైకు పెట్టా అతని ముందు. పాట ముందు వెళ్ళింది, మనిషి వెనకాల వచ్చాడు. ఏళ్ళు పట్టింది.

శ్యామల: సరే. ఈ విషయంలో మీతో వాదించను. కానీ వినడమంటే ఏంటో మీకూ నాకూ ఒకటే అర్థం ఉందా అని నా అనుమానం. కఫే లీనా మొదలైన కొత్తల్లో, 1960ల తొలిరోజుల్లో, బాబ్ డిలన్ వచ్చి పాడాడు. అప్పటికి అతనెవరో ఎవరికీ తెలీదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. జనం కబుర్లు ఆపలేదు. అప్పుడు లీనా భర్త బిల్ స్టేజీ ఎక్కి, నోరు మూసుకుని వినండి, వింటే ఏమైనా నేర్చుకుంటారన్న ధోరణిలో మందలించాడని చెబుతారు. ఆ తర్వాత లీనా దాన్నే పద్ధతిగా మార్చింది. ఇది హోటలు కాదు, పాట జరుగుతున్నంతసేపూ మాటల్లేవు. ఆమె రోజుల్లో సారా కూడా లేదు. తాగి గోల చేసే చోట వేరే పాటగాళ్ళు పాడతారు, ఇక్కడ వీళ్ళు పాడతారు.

బాబాయి: పాటకి ముందు జనాన్ని నేనూ నోరు మూయించా. మైకులో నాలుగుసార్లు చెప్పేవాణ్ణి, దయచేసి నిశ్శబ్దం పాటించండని. నాలుగోసారికి కూడా మాట్లాడేవాడు మాట్లాడేవాడే.

శ్యామల: మైకు ఉంది కాబట్టే మాట్లాడతాడు. మీరు పెంచుతారని వాడికి తెలుసు. జనం గోల పెరిగితే మీరు వాల్యూం పెంచుతారు, వాల్యూం పెరిగితే జనం ఇంకా గట్టిగా మాట్లాడతారు. ఎవరికి వాళ్ళు పెంచుకుంటూ పోవడమే. ఇవాళ ఆ గదిలో పెంచడానికి ఏమీ లేదు. కాబట్టి తగ్గాల్సింది మనమే. నా పక్కన కూర్చున్నాయన దగ్గు వస్తే నోటికి కోటు చెయ్యి అడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా ఆపుకున్నాడు. టిక్కెట్టు కొనుక్కోవడం కన్నా అది పెద్ద కానుక.

బాబాయి: అక్కడా మైకు ఉంది. నేను చూశా. గొంతుకి ఒకటి, గిటారుకి ఒకటి. రెండు వైపులా బాక్సులు.

శ్యామల: ఉంది. గొంతూ గిటారూ సమానంగా ఆనడానికి సరిపడా పెట్టారు. కరెంటు పోయినా ఆమె అదే పాట, అదే గొంతుతో పూర్తిచేసేది. మనం వినేవాళ్ళం.

బాబాయి: అది మాత్రం నిజం. సౌండు పెట్టినవాడు పనివాడు. మైకు ఉన్నట్టు తెలీకుండా పెట్టాడు. ఆ కుర్రాణ్ణి కలిసి ఒక మాట చెప్పాల్సింది.

(బాబాయి గొంతులో అసూయ లేని మెప్పు విన్నాను. పనిమంతుడు ఇంకో పనిమంతుణ్ణి గుర్తుపట్టడంలో ఉండే గౌరవం అది.)

శ్యామల: బాబాయ్, చప్పట్లు కూడా ఒక సంగతి. న్యూయార్క్‌లో మెక్‌డూగల్ వీధిలో గ్యాస్‌లైట్ కఫే అని ఉండేది, నేలమాళిగలో. పైన ఇళ్ళు. చప్పట్లు కొడితే గాలి గొట్టాల్లోంచి పై అంతస్తులదాకా వెళ్ళి గొడవయ్యేదట. అందుకని జనం చప్పట్లు మానేసి వేళ్ళతో చిటికెలు వేసేవారు. ఇంత పాటకి మెప్పు కూడా ఇంతే.

బాబాయి: ఆ ఒక్కటి నాకు నచ్చలేదు. అంత బిగబట్టుకుని కూర్చోవడం. మనవైపు పద్యం బాగా అందుకుంటే వన్స్‌మోర్ అని లేచి అరుస్తారు. హరిశ్చంద్రలో కాటిసీను పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడ్డ రాత్రులున్నాయి. ఆ నటుడికి అదే బలం. బుర్రకథలో వంత పాడేవాళ్ళు ఉన్నట్టే జనం కూడా కథలో ఒక పాత్ర. నాజర్ గారి బుర్రకథ నేను చిన్నప్పుడు విన్నా. ఆయన కన్నెర్రజేస్తే ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు, ఆయన నవ్విస్తే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేవాళ్ళు. ఇక్కడ ఆ పిల్ల అంత దుఃఖం పాడితే ఒక్కడు కూడా అయ్యో అనలేదు.

శ్యామల: అనలేదు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

బాబాయి: ఆ సంగతి పాడేదానికి ఎలా తెలుస్తుంది?

శ్యామల: తెలుస్తుంది. ఆరడుగుల దూరంలో ఉంది కదా.

దీనికి బాబాయి తల ఊపారు. ఒప్పుకున్నట్టు కాదు, లెక్కలోకి తీసుకున్నట్టు.

శ్యామల: మిస్సిసిపీ జాన్ హర్ట్ అని ఒక నల్లజాతి పాటగాడు ఉండేవాడు. మిస్సిసిపీ రాష్ట్రంలో అవలాన్ అనే పల్లె. పొలం పనులు చేసుకునేవాడు. గిటారు మీద బొటనవేలు ఒక లయ, మిగతా వేళ్ళు ఇంకో పాట. గొంతు ఎంత మెత్తనిదంటే ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లలకి కథ చెబుతున్నట్టుంటుంది. ఆయన కఫే లీనాలో కూడా పాడాడు. అలాంటి గొంతుకి ఆ గదే తగిన చోటు. మీ నవమి పందిట్లో ఆయన నిలబడగలడా?

బాబాయి: ఆయన సంగతి నీకెలా తెలుసు?

శ్యామల: రికార్డులు ఉన్నాయిగా. 1928లో ఓకే కంపెనీ వాళ్ళు తీశారు.

బాబాయి: దేంతో తీశారు?

శ్యామల: ...మైకుతో.

బాబాయి: అదీ. అంతకుముందు బాకాలోకి అరిచి పాడాల్సి వచ్చేది. 1925 ప్రాంతంలో కరెంటు రికార్డింగు వచ్చింది. మెత్తటి గొంతు ప్లేటు మీద నిలబడింది అప్పట్నుంచే. మైకు లేకపోతే నీ జాన్ హర్ట్ గారు అవలాన్ అరుగు మీదే పాడి అక్కడే పోయేవాడు. మైకంటే గోల అనుకుంటారు మీరు. మైకు వల్లే గుసగుసకి కూడా చోటు దొరికింది. మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ని తీసుకో. ఉత్త మాండొలిన్ మీద మీటు వేస్తే నాదం టక్కున చచ్చిపోతుంది. గమకం లాగడానికి నాదం నిలబడాలి కదా. కరెంటు మాండొలిన్ పట్టుకున్నాడు కాబట్టి కర్ణాటక సంగీతం అందులో పలికింది. అక్కడ కరెంటు ఉన్నది సౌండు పెంచడానికా? నాదం నిలవడానికి.

శ్యామల: శ్రీనివాస్ మాట నిజమే. జాన్ హర్ట్ కథ మాత్రం మీరు సగమే చెప్పారు. ఆ 1928 రికార్డులు అమ్ముడుపోలేదు. వెంటనే ఆర్థికమాంద్యం వచ్చి కంపెనీలే మునిగాయి. ఆయన మళ్ళీ పొలానికి వెళ్ళిపోయాడు. ముప్ఫై అయిదేళ్ళు. మైకు ఆయన గొంతుని దాచింది, కానీ ఆయన బతికున్నాడా లేదా అని ఎవరూ అడగలేదు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ పాత పాటల్లో ఒకదాంట్లో అవలాన్ అన్న ఊరిపేరు విన్నాడు. పటంలో వెతికాడు. వెళ్ళాడు. ముసలాయన అక్కడే ఉన్నాడు. ఒక పదాన్ని చెవిపెట్టి విన్నవాడు ఒక్కడు దొరికాడు కాబట్టి ఆయన చివరి మూడేళ్ళు మళ్ళీ పాడగలిగాడు.

బాబాయి: 1963లో దొరికాడు సరే. దొరికాక ఎక్కడ పాడాడు?

శ్యామల: న్యూపోర్ట్ ఫెస్టివల్లో.

బాబాయి: ఎంతమంది?

శ్యామల: వేలమంది.

బాబాయి: మైకు లేకుండానా?

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఒక్క పాటగాడి జీవితంలో మైకూ ఉంది, అరుగూ ఉంది, చిన్న గదీ ఉంది, పెద్ద మైదానమూ ఉంది. వీటిలో ఏది లేకపోయినా ఆయన మనకి దక్కేవాడు కాదు. నేనైతే ఇక్కడ శ్యామల పక్షమే. దాచడం యంత్రం పని, వెతకడం మనిషి పని, ఆ వెతికే ఓపిక చిన్నగదుల్లో పెరుగుతుంది. పెద్ద మైదానంలో అందరూ తెలిసిన పాట కోసం వస్తారు. తెలియని పాటని చివరిదాకా వినే అలవాటు కుర్చీలు తక్కువున్న చోటే పుడుతుంది. సారటోగాలోనే 1966లో కట్టిన పెద్ద ఆరుబయలు రంగస్థలం ఉంది, లోపల అయిదువేల కుర్చీలు, బయట పచ్చికలో ఇంకా ఎన్నో వేలమందికి చోటు. వేసవిలో పేరున్న ఆర్కెస్ట్రాలు, బాలే బృందాలు అక్కడికి వస్తాయి. అదీ ఉండాలి. అక్కడికి మాత్రం పేరు వచ్చాకే వెళ్ళగలరు.

ఇంటికొచ్చాం. పెరుగన్నంలోకి మాగాయ వేసుకుంటూ బాబాయి డబ్బు విషయం ఎత్తారు.

బాబాయి: నూట పది కుర్చీల మీద ఎంతొస్తుంది? ఆ పిల్ల ఎక్కడ్నుంచో బండి నడుపుకుంటూ వచ్చింది. రాత్రి ఎక్కడో పడుకోవాలి.

శ్యామల: కుర్చీకి పాతిక డాలర్లనుకోండి, అన్నీ నిండితే రెండువేల ఏడొందల యాభై. అందులో గది ఖర్చు, వేడి ఖర్చు, సౌండు మనిషి. వానపడితే సగం కుర్చీలు ఖాళీ. అందుకే విరాళాలు కావాలి. గ్యాస్‌లైట్ రోజుల్లో ఇంకా కష్టం. గ్రెనిచ్ విలేజ్‌లో చాలా కాఫీహౌసుల్లో బుట్ట తిప్పేవారు. బుట్టలో పడిందే పాటగాడి జీతం. బాస్కెట్ హౌసులనే పేరు అలాగే వచ్చింది.

బాబాయి: మనకి హారతిపళ్ళెం. హరికథ మధ్యలో పళ్ళెం వస్తుంది, పావలా వేసేవాడు పావలా, రూపాయి వేసేవాడు రూపాయి. నాటకాల్లో చదివింపులు. ఫలానావారు నూటపదహార్లు అని నేనే మైకులో చదివేవాణ్ణి. ఒక్కోసారి పద్యం సగంలో ఉండగా చీటీ వచ్చేది, చదవకపోతే ఇచ్చినాయనకి కోపం. రాజు కాటిలో ఏడుస్తున్నాడు, నేను నూటపదహార్లు చదవాలి.

శ్యామల: ఎప్పుడైనా చదవకుండా ఆపారా?

బాబాయి: ఆపా. పద్యం పూర్తయ్యాక చదివా. కమిటీవాళ్ళు ఆ రాత్రి నా డబ్బుల్లో కోత పెట్టారు.

శ్యామల: మరి మీరూ నా పక్షమే బాబాయ్. పద్యం మధ్యలో చీటీ చదవనివాడు పాట జరుగుతుంటే కాఫీ మిషను తిప్పడు.

బాబాయి: పక్షాలు అలా కలపకు. పాటని గౌరవించడంలో మనిద్దరికీ తేడా లేదు. తేడా తలుపు దగ్గర ఉంది. 2020లో కరోనాకి అన్నీ మూసినప్పుడు మీ కఫేవాళ్ళు ఏం చేశారు?

శ్యామల: ఖాళీ గదిలో పాడించి ఇంటర్నెట్‌లో వినిపించారు.

బాబాయి: వేపచెట్టు ఎక్కారన్నమాట.

శ్యామల: ఎక్కారు. నేను కూడా ఇంట్లో కూర్చుని విన్నా. ఆ రోజుల్లో అదే ప్రాణం నిలిపింది. ఫోన్లో మెసేజి వస్తే చూసేదాన్ని, కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళేదాన్ని. పాట ఆగలేదు. పాట నాకోసం ఆగకపోతే నేనూ పాట కోసం ఆగను. ఆ తేడా నాలోనే కనబడింది. గదిలోకి మళ్ళీ వెళ్ళిన రోజు ఫోను సంచీలో పెట్టి జిప్ వేశా.

బాబాయి: ఇప్పుడు విజయవాడలో, హైదరాబాదులో కూడా కాఫీషాపుల్లో గిటారు పెట్టి కుర్రాళ్ళు పాడుతున్నారు. మా తమ్ముడి మనవడు తీసుకెళ్ళాడు. పాడేవాడు మూలన. జనం కబుర్లు చెప్పుకుంటున్నారు, నాలుగు నిమిషాలకోసారి ఒకడు లేచి వీడియో తీస్తున్నాడు. గోడకి పెట్టిన పటంలా ఉన్నాడు ఆ కుర్రాడు. పాపం గొంతు మంచిది. వాణ్ణి చూస్తే నాకు బాధేసింది. మా కాఫీ హోటళ్ళలో రేడియో మోగేది, ఎవరూ చూసేవాళ్ళు కాదు, రేడియోకి మనసు లేదు కాబట్టి సరిపోయింది. బతికున్న మనిషిని రేడియోలా మూలన పెట్టకూడదు.

శ్యామల: ఇంత కోపం మీకుండి, నన్ను తలుపు మూశానని తిడతారు.

బాబాయి: తలుపు మూస్తే తిడతా, మూలన పెట్టినా తిడతా.

శ్యామల: అయితే ఏం చెయ్యమంటారు? తెనాలిలో మీ షాపు ఖాళీగా ఉంది. షట్టరు వేసి ఉంచారు. నలభైమంది పడతారు. వేసవిలో నేను వచ్చినప్పుడు నెలకో కచేరీ పెడదాం. వీణ, బుర్రకథ, నాటకం పద్యాలు, పిల్లలు గిటారు తెచ్చినా సరే. కాఫీ పిన్ని పెడుతుంది. మాటల్లేవు, వీడియోల్లేవు, పాట మధ్యలో లేవడం లేదు.

బాబాయి: టిక్కెట్టు?

శ్యామల: టిక్కెట్టు వద్దు. హారతిపళ్ళెం పెడదాం. వచ్చిందంతా పాడినవాళ్ళకే. పేర్లు చదవం.

బాబాయి: పేర్లు చదవకపోవడం నాకు ఇష్టమే. షట్టరు మాత్రం మూయనివ్వను. సగం కూడా దించనివ్వను. షాపు ముందు అరుగుంది, అరుగు ముందు రోడ్డుంది. రిక్షావాడు ఆగుతాడు, కూరగాయల బండి ఆగుతుంది. ఒక చిన్న బాక్సు బయటికి పెడతా.

శ్యామల: బాక్సు బయట పెడితే రోడ్డుమీద మోటారుసైకిళ్ళకి పోటీగా పెంచాల్సొస్తుంది. పెంచితే లోపల పాడేది మారిపోతుంది. మీరే చెప్పారుగా, ఆరుబయట ఆరు డీబీ లెక్క.

బాబాయి: రోడ్డంతా వినపడాలని కాదు. అరుగుదాకా చాలు. నలుగురు అరుగెక్కి కూర్చుంటారు, తర్వాత నెల ఇద్దరు లోపలికొస్తారు.

శ్యామల: అరుగు మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడుకుంటే?

బాబాయి: నేను అరుగు మీదే కూర్చుంటా. నాలుగుసార్లు చెప్పాల్సిన పని ఉండదు.

శ్యామల: బాక్సు ఎంత పెద్దది?

బాబాయి: ఎనిమిదంగుళాలది. గోడవైపు తిప్పి పెడతా, సూటిగా కొట్టదు. ముందు రోజు నువ్వు రోడ్డుకవతల నిలబడు, నేను లోపల వీణ మీటిస్తా. నీకు గమకం రొద వినపడితే తగ్గిస్తా, అరుగు మీద ఉన్నవాడికి వినపడకపోతే పెంచుతా. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

శ్యామల: నాకు నచ్చకపోతే తీసేస్తారా?

బాబాయి: అరుగు మీదవాళ్ళని కూడా అడిగి చెప్తా.